పాడే పిల్లలకు స్వరం చదవడం కూడా నేర్పుదాం

ఉత్తర అమెరికాలోని తెలుగు సంఘాల అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, వారాంతపు సంగీత నాట్య పాఠశాలలు నడిపే గురువులకు



నేను న్యూజెర్సీలో పిల్లలకు పియానో నేర్పుతాను. చుట్టుపక్కల హైస్కూళ్లలో మ్యూజికల్ వేస్తున్నప్పుడు రిహార్సళ్లకు పియానో వాయిస్తాను. ఆడిషన్లకు వచ్చే పిల్లల పాటకు తోడుగా వాయించడం కూడా నా పనే. ఈ పనిలో నాకు ఏటేటా తెలుగు పేర్లు ఎక్కువగా వినిపిస్తున్నాయి. ఒకప్పుడు మన పిల్లలు కోరస్‌లో ఒకరిద్దరు ఉండేవారు. ఇప్పుడు ముఖ్యపాత్రలు చేస్తున్నారు. వాళ్లలో కొందరు ఇంకో అడుగు ముందుకేసి, కాలేజీలో మ్యూజికల్ థియేటరే చదువుతామని ఇంట్లో చెబుతున్నారు.

వాళ్లకు ఆ ధైర్యం ఊరికే రాలేదు. తమలాంటి ముఖాలు వేదిక మీద కనిపిస్తున్నాయి. ఏ.ఆర్. రెహమాన్ సంగీతంతో ‘బాంబే డ్రీమ్స్’ 2002లో లండన్‌లోనూ 2004లో బ్రాడ్‌వేలోనూ ఆడింది. 2021లో బ్రాడ్‌వే ‘అలాదీన్’లో మైకేల్ మలియాకెల్, శోభా నారాయణ్ నాయికా నాయకులయ్యారు. 2024లో వచ్చిన ‘మీన్ గర్ల్స్’ సంగీత చిత్రంలో మన తెలుగమ్మాయి అవంతిక వందనపు ఒక ప్రధాన పాత్ర చేసింది. పదో తరగతి పిల్లకు ఇంతకన్నా పెద్ద భరోసా ఏముంటుంది?

ఈ పిల్లల కోసం మీరు చేయగలిగిన పని ఒకటుంది. స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి) చదవడం, మ్యూజిక్ థియరీ, పియానో మీద ప్రాథమిక సాధన నేర్పే తరగతిని మీ వారాంతపు బడుల్లో తెరవండి. తొమ్మిదో తరగతిలో మొదలుపెట్టి హైస్కూల్ పూర్తయ్యేలోపు ఈ మూడూ వాళ్లకు పట్టుబడాలి. కర్ణాటక సంగీతం, కూచిపూడి, తెలుగు భాష నేర్పడానికి మీరు కట్టుకున్న ఏర్పాటు చిన్నది కాదు. సిలికానాంధ్ర మనబడి లాంటివి ఊరూరా స్వచ్ఛంద గురువులతో ఎలా నడుస్తున్నాయో మనందరికీ తెలుసు. ఆ ఏర్పాటులోనే ఈ తరగతికీ చోటివ్వమని అడుగుతున్నాను. ఎందుకో వివరంగా చెబుతాను.

మ్యూజికల్ థియేటర్‌లో పాట, మాట, ఆట మూడూ ఒకే మనిషి మోయాలి. మనకిది పరాయి సంగతేమీ కాదు. భామాకలాపంలో సత్యభామ వేషం కట్టిన కళాకారుడు దరువు పాడుతూ, మాట చెబుతూ, ఆడుతూ ఆ పాత్రను నిలబెట్టేవాడు. 1885లో కడప సీమలో పుట్టిన సురభి నాటక సమాజంలో కుటుంబాలకు కుటుంబాలే పాడి, ఆడి, నటించాయి. పద్యనాటకంలో రాగం తెలియని నటుడికి పెద్ద వేషం దక్కేది కాదు. మన రంగస్థలం కూడా నటుణ్ణి సంగీతం తెలిసినవాడుగానే చూసింది.

అమెరికాలో ఈ కళకు డిగ్రీ చదువుంది. సిన్సినాటి యూనివర్సిటీలోని కాలేజ్-కన్సర్వేటరీ ఆఫ్ మ్యూజిక్ 1968లోనే మ్యూజికల్ థియేటర్ కోర్సు ప్రారంభించింది. ఇప్పుడు మిషిగన్, కార్నెగీ మెలన్, పెన్ స్టేట్‌లతో పాటు ఎన్నో యూనివర్సిటీల్లో బీఎఫ్ఏ, బీఎం, బీఏ పేర్లతో ఈ చదువు దొరుకుతుంది. పేరున్న చోట్ల వందల్లో, వేలల్లో దరఖాస్తులు వస్తే ఏటా చేర్చుకునేది ఇరవై మందిని, అటూ ఇటూగా. పన్నెండో తరగతి మొదట్లో వీడియో ప్రీస్క్రీన్ పంపాలి. అది దాటితే జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఆడిషన్లు. చాలా కాలేజీలు ఒకేచోట కూర్చుని పిల్లల్ని చూసే ‘యూనిఫైడ్స్’ న్యూయార్క్, షికాగో, లాస్ ఏంజెలిస్ నగరాల్లో జరుగుతాయి. అక్కడ భిన్నమైన రెండు పాటల ముక్కలు పాడాలి, మోనోలాగ్ చెప్పాలి, డాన్స్ చేసి చూపాలి.

చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. ఆడిషన్‌లో చాలాచోట్ల ‘నొటేషన్ చదవగలవా, పియానో వచ్చా’ అని నేరుగా అడగరు. అడగనిది నేర్చుకోవడమెందుకని పిల్లలు గొంతు మీద, డాన్స్ మీద, మోనోలాగ్ మీద పడతారు. కాలేజీలో చేరాక టైంటేబుల్ చేతికొస్తుంది. పొద్దున బాలే. తర్వాత యాక్టింగ్, వాయిస్ పాఠం. వాటి మధ్య థియరీ, ఇయర్ ట్రైనింగ్, క్లాస్ పియానో. సాయంత్రం రిహార్సల్. సంగీతపు అక్షరాలు రాని విద్యార్థికి ఈ థియరీ, పియానో తరగతులే రోజును మింగేస్తాయి. నటన మీద, నాట్యం మీద పెట్టాల్సిన రాత్రులు ట్రెబుల్ క్లెఫ్‌లో ఏ గీత ఏ స్వరమో గుర్తుపెట్టుకోవడానికి పోతాయి. ఏ చదువు కోసం అంత కష్టపడి సీటు తెచ్చుకున్నారో ఆ చదువుకే సమయం చాలదు. హైస్కూల్లో తీరిగ్గా, ఇష్టంగా నేర్చుకోగలిగినదాన్ని కాలేజీలో ఊపిరాడకుండా నేర్చుకోవాల్సి రావడం పిల్లలకు అన్యాయం.

నేరుగా అడగకపోయినా ఆడిషన్ గదిలోనూ ఈ చదువు బయటపడుతుంది. అక్కడ పాడమనేది పదహారు బార్లో (నొటేషన్‌లో తాళపు కొలతలు), ముప్ఫై రెండు బార్లో మాత్రమే. ఆ ముక్క ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ ఆగాలి, మధ్యలో ఏ బార్లు వదిలేయాలి అన్నది నొటేషన్ కాగితం మీద స్పష్టంగా గుర్తుపెట్టి పియానిస్ట్ ముందుంచాలి. ఆ పియానిస్ట్ పిల్లల్ని అంతకుముందు చూసి ఉండరు. రిహార్సల్ ఉండదు. కాగితమే వాళ్లకు ఆధారం. పాట పిల్లల గొంతుకు సరిపోయే కీలోనే అచ్చై ఉండాలి. అప్పటికప్పుడు శ్రుతి మార్చి వాయించమని అడగడం మర్యాద కాదు. టెంపో చెప్పాలంటే చిటికెలు వేయకూడదు. రెండు బార్లు గొంతు తగ్గించి పాడి చూపాలి. ఆ కాగితం మీద ఏముందో తెలియని పిల్లలు ఈ పనుల్లో ఏదీ సొంతంగా చేయలేరు. పియానో వేరే వేగంతో ఎత్తుకుంటే ఎక్కడ తప్పిందో తెలియక, తప్పు తమదేననుకుని బెదిరిపోతారు. మంచి గొంతులు ఆ అర నిమిషంలో కుంగిపోవడం పియానో ముందు కూర్చుని చూశాను. అందుకే ఈ లేఖ రాస్తున్నాను.

వేషం దొరికాక రిహార్సళ్లు మొదలైతే ఈ అవసరం పదింతలవుతుంది. మొదటి రోజుల్లోనే మ్యూజిక్ డైరెక్టర్ కోరస్‌ను సొప్రానో, ఆల్టో, టెనర్, బాస్ వరుసలుగా విడదీసి, ఎవరి వరుస వాళ్లకు ఒకటి రెండుసార్లు వాయించి ముందుకు సాగిపోతారు. పక్కవాళ్లు వేరే స్వరం పాడుతుంటే మన స్వరం మీద మనం నిలబడాలి. ఏడు బార్లు ఊరుకుని ఎనిమిదో బారులో సరిగ్గా అందుకోవాలి. వందల పద్యాలు కంఠతా వచ్చిన పిల్లవాడికైనా అక్షరాలు రాకపోతే కొత్త పుస్తకాన్ని ఎవరో ఒకరు చదివి వినిపించాలి. నొటేషన్ రాని గాయకులూ ప్రతి పాటకూ అలాగే ఇంకొకరి మీద ఆధారపడతారు.

మన పిల్లలకు ఇందులో సగం బలం ఇప్పటికే ఉంది. ఆ బలం మీరిచ్చిందే. సరళి వరుసలు, జంట వరుసలు, అలంకారాలు పాడిన పిల్లకు స్వరస్థానాలు గొంతులో ఉంటాయి. పియానో మీద ఒక స్థాయిలో ఏడు తెల్ల మెట్లు, ఐదు నల్ల మెట్లు, మొత్తం పన్నెండు. మన స్వరస్థానాలూ పన్నెండే, పేర్లు పదహారు. చతుశ్రుతి రిషభం, శుద్ధ గాంధారం ఒకే చోట కూర్చున్నట్టే పాశ్చాత్య సంగీతంలో సీ షార్ప్, డీ ఫ్లాట్ ఒకే మెట్టు మీద ఉంటాయి. ఇది తెలిసిన పిల్లకు, ఒకే మెట్టుకు రెండు పేర్లెందుకన్న ప్రశ్న దగ్గర ఆగిపోయే అవసరం ఉండదు.

మేజర్ స్కేల్ మన ధీర శంకరాభరణం. నేచురల్ మైనర్ నఠభైరవి. హార్మోనిక్ మైనర్ కీరవాణి. మెలోడిక్ మైనర్ ఆరోహణ గౌరీమనోహరి. తెల్ల మెట్ల మీదే సీ దగ్గర షడ్జమం పెట్టుకుంటే శంకరాభరణం, డీ దగ్గర పెట్టుకుంటే ఖరహరప్రియ, ఈ దగ్గర హనుమతోడి, ఎఫ్ దగ్గర మేచకల్యాణి, జీ దగ్గర హరికాంభోజి, ఏ దగ్గర నఠభైరవి పలుకుతాయి. కాలేజీలో ‘మోడ్స్’ పేరుతో చెప్పే పాఠం ఇదే. గ్రహభేదం విన్న పిల్లలకు ఈ పాఠం సగం వచ్చేసినట్టే.

తాళం విషయంలోనూ అంతే. ‘వెస్ట్ సైడ్ స్టోరీ’లోని ‘అమెరికా’ పాట ఆరు లెక్కల్ని ఒకసారి మూడు మూడుగా, వెంటనే రెండు రెండు రెండుగా విడదీస్తూ నడుస్తుంది. ‘జీసస్ క్రైస్ట్ సూపర్‌స్టార్’లో ‘ఎవ్రీథింగ్స్ ఆల్‌రైట్’ ఐదు లెక్కల పాట. ఇక్కడి పిల్లలు చాలామంది వీటి దగ్గర తడబడతారు. తకిట, తకతకిట అంటూ జతులు చెప్పుకున్న మన కూచిపూడి పిల్లల పాదాలకు ఆ నడక అప్పటికే తెలుసు.

మిగిలిన సగం బలం మన సంప్రదాయంలో లేదు. అది వేరుగా నేర్పాలి. కర్ణాటక సంగీతంలో తంబురా వెనక నుంచి ఒకే శ్రుతిని పట్టి ఉంచుతుంది. కచేరీ అంతా షడ్జమం కదలదు. బ్రాడ్‌వే పాటలో కీ మధ్యలో మారిపోతుంది, ఆధార షడ్జమమే కాళ్ల కింది నుంచి జరిగిపోతుంది. మన గొంతులు గమకంతో స్వరం నుంచి స్వరానికి జారడానికి అలవాటు పడి ఉంటాయి. కోరస్‌లో స్వరాన్ని కదలకుండా నిలిపి పట్టుకోవాలి. మనం తాళం చేత్తో వేస్తాం. నాటకంలో చేయి పాత్రది, లెక్క మనసులో సాగాలి. అన్నిటికన్నా పెద్దది హార్మనీ. ఒకేసారి మోగే వేర్వేరు స్వరాల మధ్య తన స్వరం ఎక్కడుందో వినగలగడం మన పిల్లలకు పూర్తిగా కొత్త.

ఈ లోటు తీర్చడానికి పియానోను మించిన వాద్యం లేదు. వీణ మీదో వయొలిన్ మీదో స్వరస్థానం పలికించడానికే ఏళ్లు పడుతుంది. పియానోలో మెట్టు నొక్కితే చాలు, స్వరం శుద్ధంగా పలుకుతుంది. సంగీతపు అమరికంతా కళ్లెదుట పరిచి ఉంటుంది. శంకరాభరణంలో స-గ-ప కలిపి నొక్కండి, మేజర్ కార్డ్ వినిపిస్తుంది. అంతర గాంధారాన్ని సాధారణ గాంధారంగా మార్చండి, అదే కార్డ్ మైనర్ అయిపోతుంది, గది వాతావరణమే మారుతుంది. ప-ని-రి నొక్కి ఆగండి, చెవి మళ్లీ స-గ-ప కోసం వెతుకుతుంది. ఇంటికి చేరాలన్న ఆ తపనతోనే పాశ్చాత్య నాటక సంగీతం నడుస్తుంది. తన పాట వరుసను కుడిచేత్తో, అడుగు స్వరాన్ని ఎడమచేత్తో వాయించుకోగలిగితే ఆ పిల్ల ఏ పాటనైనా సొంతంగా నేర్చుకోగలదు. కచేరీ స్థాయి పియానో అక్కర్లేదు. ఇంతమాత్రం వస్తే చాలు.

థియరీ నటనకు అడ్డు కాదా అని కొందరు తల్లిదండ్రులు అడుగుతారు. నా అనుభవంలో థియరీ నటనకు కళ్లు తెరుస్తుంది. ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ (1957)లో ‘మరియా’ పాటను లెనార్డ్ బెర్న్‌స్టైన్ ఎలా కట్టాడో చూడండి. ఆ పేరు పిలుపు షడ్జమం మీద మొదలై, ప్రతి మధ్యమానికి ఎగసి, పంచమంలో సేదదీరుతుంది. మొదటి ప్రేమలోని ఆత్రం, ఊరట ఆ మూడు స్వరాల్లోనే ఉన్నాయి. అదే ప్రతి మధ్యమపు దూరం వీధి ముఠాల పగను పలికే సంగీతంలోనూ వినిపిస్తుంది. నాటకం చివర్లో సీ మేజర్ కార్డ్ ప్రశాంతంగా మోగుతుంటే అడుగున ఎఫ్ షార్ప్ మంద్రంలో పొడుస్తుంది. ప్రేమ, పగ ఒకే స్వరాంతరంలో పుట్టాయని స్వరకర్త నటుడికి చెబుతున్నాడు. కాగితం చదవగలిగిన నటుడికే ఆ మాట అందుతుంది. పాత్ర నోట సంతోషం పలుకుతున్నప్పుడు కింద కార్డ్ మైనర్‌లోకి జారితే అక్కడ దాచిన దుఃఖం ఉందని అర్థం. స్వరకర్త స్టీఫెన్ సాండ్‌హైమ్ నాటకాల్లో ఇలాంటివి అడుగడుగునా ఉంటాయి. ఆయన స్వరకర్త మిల్టన్ బాబిట్ దగ్గర కంపోజిషన్ అభ్యసించిన మనిషి. ఆయన పాటల్లో పియానో చాలాచోట్ల గాయకుడి వరుసను అనుసరించదు. తొలి స్వరాన్ని కార్డ్ లోపలి నుంచి మనమే ఏరుకోవాలి.

పియానో వచ్చిన నటుడికి వేషాలూ వస్తాయి. 2006 బ్రాడ్‌వే ‘కంపెనీ’లో నటులే వాద్యకారులు. కథానాయకుడిగా చేసిన రౌల్ ఎస్పార్జా చివరి పాటకు తనే పియానో ముందు కూర్చున్నాడు. 2012లో బ్రాడ్‌వేకి వచ్చిన ‘వన్స్’లో నాయిక పాత్రధారి పియానో వాయించి తీరాలి.

పేరున్న స్వరకర్త ఇర్వింగ్ బెర్లిన్‌కు నొటేషన్ రాదు కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. ఆయన ఎక్కువగా నల్ల మెట్ల మీదే వాయించేవాడు, కీ మార్చడానికి పియానోకు ప్రత్యేకంగా మీట అమర్చుకున్నాడు. కానీ ఆయన కట్టిన పాటను రాసిపెట్టడానికి పక్కన సంగీతజ్ఞులు ఉండేవారు. పద్దెనిమిదేళ్ల విద్యార్థికి అలాంటి సహాయకులు ఉండరు. తన పని తనే చేసుకోవాలి.

ఇక తరగతి ఎలా ఉండాలో చెబుతాను. మొదటి ఏడాది రెండు క్లెఫ్‌లు చదవడం, ఐదు వేళ్ల సాధన, లయను కాగితం మీద గుర్తుపట్టి చప్పట్లతో చూపడం. పిల్లలు సరళి వరుసలనే స్టాఫ్ మీద రాసి, పియానో మీద వాయించి, పాడాలి. తెలిసిన స్వరంతో మొదలైతే తెలియని లిపి భయపెట్టదు. రెండో ఏడాది ముఖ్యమైన కార్డ్‌లు, స్వరాంతరాలను చెవితో గుర్తుపట్టడం, రోజూ పది నిమిషాలు చూడగానే పాడే సాధన. ఈ సమయంలో పిల్లల్ని స్కూల్ కాయిర్‌లో చేర్పించమని తల్లిదండ్రులకు తప్పక చెప్పండి. హార్మనీలో నిలబడటం అక్కడే అలవాటవుతుంది. మూడో ఏడాది పియానో-వోకల్ స్కోర్ చదవడం, ఆడిషన్‌లో పాడే ముక్కను కాగితం మీద గుర్తుపెట్టడం, సొంత వరుసను వాయించుకోవడం. స్కూల్లో ఏపీ మ్యూజిక్ థియరీ ఉంటే ఆ ఏడాదే తీసుకోవాలి. బ్రిటిష్ సంగీత పరీక్షల సంస్థ ఏబీఆర్ఎస్ఎం ఐదో గ్రేడ్ థియరీ దాటిన పిల్లలకు కాలేజీ మొదటి సెమిస్టర్ భయం చాలావరకు పోతుంది. హైదరాబాద్ నుంచి ఇక్కడి కాలేజీలకు రావాలనుకునే పిల్లలకూ ఇదే మంచి కొలమానం, ఆ పరీక్షలు అక్కడా రాయవచ్చు. పన్నెండో తరగతిలో కొత్తవేవీ మొదలుపెట్టకూడదు. ఆ ఏడాది పూర్తిగా ఆడిషన్లదే.

దీనికి గ్రాండ్ పియానో అక్కర్లేదు. మొదట అరవై ఒక్క మెట్ల కీబోర్డు చాలు. రెండో ఏడాదికి ఎనభై ఎనిమిది మెట్లూ, వేలికి బరువు తెలిసే డిజిటల్ పియానో ఉంటే మంచిది. పాతవి తక్కువ ధరకే దొరుకుతాయి. మీ బడి జరిగే గుడి హాల్లోనో స్కూల్ గదిలోనో నాలుగైదు కీబోర్డులు, హెడ్‌ఫోన్లు ఉంటే వారానికి గంట తరగతి నడిచిపోతుంది.

మీకు నా విన్నపాలు మూడు. ఈ విద్యా సంవత్సరంలో కనీసం ఒక్క శాఖలో ఈ తరగతి మొదలుపెట్టండి. కర్ణాటక సంగీత గురువులనూ పియానో టీచర్లనూ ఒకచోట కూర్చోబెట్టి, రెండు పద్ధతుల్నీ కలిపే పాఠ్యప్రణాళిక రాయించండి. గురువుల సమ్మతి లేకుండా ఇది సాగదు, సాగకూడదు. మీ మహాసభల పోటీల్లో శాస్త్రీయ సంగీతం, సినిమా పాట, నాట్యం పక్కన మ్యూజికల్ థియేటర్‌కూ ఒక విభాగం పెట్టండి. అందులో చూడగానే పాడే పరీక్ష కూడా ఉంచండి. పోటీలో ఉన్నదాన్ని పిల్లలు నేర్చుకుంటారు, తల్లిదండ్రులు గౌరవిస్తారు.

తల్లిదండ్రులకు ఒక్క మాట. మీ అమ్మాయో అబ్బాయో ఈ చదువు చదువుతానంటే మీకు కలిగే ఆందోళన నాకు అర్థమవుతుంది. ఈ రంగంలో ఉద్యోగానికి హామీ లేదు, ఆ సంగతి నేను దాచను. కానీ నొటేషన్, థియరీ, పియానో వచ్చిన మనిషికి వేదిక ఒక్కటే దారి కాదు. పాఠాలు చెప్పవచ్చు, రిహార్సళ్లకు వాయించవచ్చు, మ్యూజిక్ డైరెక్టర్ కావచ్చు, కాయిర్ నడపవచ్చు. మీ భయానికి మీరు చేయగలిగిన మేలైన పని పిల్లల చేతికి ఈ పనిముట్లు ఇవ్వడం.

తాళం వేయడం, స్వరం నిలబెట్టడం, పాత్రలోకి వెళ్లడం మన పిల్లలకు మన ఇళ్లలోనే అబ్బాయి. అవి చూసి కాలేజీలు వాళ్లకు సీట్లిస్తాయి. సీటు వచ్చిన తర్వాత వాళ్లు మొదటి వారం నుంచే మిగతావాళ్లతో సమానంగా నిలబడాలంటే మనం చేయాల్సింది ఈ నాలుగేళ్లలోనే ఉంది. సెప్టెంబరులో బడులు తెరిచేటప్పుడు మీరిచ్చే తరగతుల ప్రకటనలో ఈ పేరు కూడా చేర్చండి. మా ఊళ్లో నేర్పడానికి నేను సిద్ధంగా ఉన్నాను. నాలాంటి పియానో టీచర్లు మీ ఊళ్లోనూ ఉన్నారు. ఆ పిలుపు మీ నుంచి రావాలి.

ఇట్లు
మీ శ్రేయోభిలాషి,
న్యూజెర్సీ నుంచి ఒక పియానో టీచర్